అవసరం లేదన్న మాట

పేరు లేని పని

నేను చేసిన ఉద్యోగానికి తెలుగులో పేరు లేదు. ఇంగ్లీషులో ఫెసిలిటేటర్ అంటారు. ఆ మాట మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పలేక చచ్చాను. పోట్లాడుకునేవాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరు వినేలా చూడటం అని చెబితే, ఆ పని తను రోజూ ఇంట్లో చేస్తూనే ఉందనీ, తనకి ఎవరూ జీతం ఇవ్వలేదనీ అంది. పురసవాక్కంలో మా వీధి చివర ఆటో స్టాండు వాళ్ళయితే నేను చేసేది కట్టపంచాయతీ అనుకున్నారు. ఈ అరవ ఊళ్ళో ఆ మాటకి, రౌడీలు రెండు పక్షాలనీ బెదిరించి కుదిర్చే రాజీ అని అర్థం. చాలా ఏళ్ళు ఆటోవాళ్ళెవరూ నాతో బేరమాడలేదు. ఈ ఉద్యోగం వల్ల నాకు దక్కిన గౌరవం అదొక్కటే.

రిటైరయ్యాక ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్లు చేసి, మేడం మీ అనుభవాలు చెప్పండి అంటున్నారు. వాళ్ళకి కావలసింది ఉత్సాహపరిచే మాటలని నాకు తెలుసు. నా దగ్గర అవి లేవు. చిరాకు మాత్రం బోలెడంత ఉంది. పోట్లాడేవాళ్ళ మీద, పోట్లాడనివాళ్ళ మీద, వాళ్ళ మధ్య రంగు కాగితాలు అతికించుకుంటూ తిరిగే మన మీద కూడా. అందులోంచి పనికొచ్చేదేమైనా ఉంటే ఏరుకోండి.

లవంగం

మా సంస్థ పెద్ద జోసెఫ్ సార్. కేరళ నుంచి వచ్చి మైలాపూరులో స్థిరపడిన మనిషి. ఆయనకి రంగు కాగితాలంటే ప్రాణం. పసుపు కాగితం మీద మీ భయం రాయండి, పచ్చ కాగితం మీద మీ ఆశ రాయండి అనేవాడు. ఎదుట కూర్చున్నవాళ్ళు నీళ్ళ లారీ ఎవరి గుమ్మం ముందు ఆగాలో తేల్చుకోలేక జుట్లు పట్టుకున్నవాళ్ళు. వాళ్ళు ఆ కాగితాలని మడిచి చెవుల్లో గులిమి తీసుకోవడం నేను కళ్ళారా చూశాను. అయినా ఆయన మానలేదు. గోడంతా కాగితాలు అతికించి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయేవాడు.

ఆ మనిషి నాకు నేర్పిన మంచి విషయం ఒకటి ఉంది, అది చెప్పకపోతే తప్పు. నాకు నోటి దురుసు ఎక్కువ. ఎదుటివాడు తెలివితక్కువ మాట అంటే వెంటనే అనేస్తాను. మొదటి వారంలోనే ఆయన అది కనిపెట్టి, చిన్న డబ్బీ ఒకటి నా చేతిలో పెట్టాడు. అందులో లవంగాలు. అభిప్రాయం చెప్పాలని నాలుక దురద పెట్టినప్పుడల్లా ఒకటి బుగ్గన పెట్టుకో, అది అయిపోయేదాకా మాట్లాడకు అన్నాడు. నవ్వుకున్నాను గానీ, ఉద్యోగం ముగిసేదాకా ఆ డబ్బీ సంచీలోనే ఉంది. నేను నమిలిన లవంగాలతో ఒక పెళ్ళికి బిర్యానీ వండొచ్చు.

అరిచేవాళ్ళు, నవ్వేవాళ్ళు

కొత్తవాళ్ళు అరుపులకి భయపడతారు. భయపడకండి. జార్జి టౌన్‌లో ఒక సందు గురించి దుకాణాలవాళ్ళకీ, తోపుడు బళ్ళవాళ్ళకీ తగాదా వస్తే నన్ను పంపారు. పొద్దున్నించీ చెవులు చిల్లులు పడేలా అరుచుకున్నారు. వీళ్ళతో నా వల్ల కాదనుకుని, తల పట్టుకుని కింద టీ కొట్టుకి పోయాను. తిరిగొచ్చేసరికి రాజీ అయిపోయింది. బళ్ళు ఏ పూట ఏ పక్కన నిలబెట్టాలో వాళ్ళే తేల్చేసుకున్నారు. నన్ను చూసి పాపం మొహమాటపడ్డారు, మీరు ఇంత దూరం వచ్చారు గదా, ఇంకోసారి మొదటినించీ మాట్లాడమంటారా అని అడిగారు.

నవ్వేవాళ్ళకి భయపడండి. పాత మహాబలిపురం రోడ్డు మీద ఒక కంప్యూటర్ కంపెనీలో రెండు బృందాలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదని పిలిచారు. లోపల అందరూ నవ్వుతున్నారు. అందరూ ఒకరి పనిని ఒకరు మెచ్చుకుంటున్నారు. జోసెఫ్ సార్ కాగితాలన్నీ నమ్మకం, గౌరవం, పారదర్శకత అని నిండిపోయాయి. ఆ గదిలో నాకు ఊపిరాడలేదు. పది మందిలో ఒక్కడైనా నాకు వీడంటే ఒళ్ళు మంట అని అని ఉంటే, వాడికి అక్కడే దండం పెట్టేదాన్ని. ఎవడూ అనలేదు. మేం తిరిగొచ్చేసిన కొన్నాళ్ళకే ఒక బృందం మొత్తం ఉద్యోగాలు మానేసిందని తెలిసింది.

ఇక నేను నిజంగా చెప్పదలుచుకున్న తగాదా ఒకటుంది. అది ఈ రెండు రకాల్లోనూ ఇమడదు.

హాలు ఎవరిది

పురసవాక్కంలో ఒక పాత తెలుగు సంఘం ఉంది, పేరెందుకు లెండి. దానికి సొంత హాలు ఉంది. ముందు వీధి వైపు పెద్ద గది, వెనక పక్క సందులోకి తెరుచుకునే వరండా, నీళ్ళ తొట్టి. తాతల కాలంలో దాన్ని కట్టింది ఒకందుకు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళ ఇంట్లో ఎవరైనా పోతే, పదో రోజు కర్మ చేసుకోవడానికి ఇంటి ఓనరు ఒప్పుకోడు. ఈ ఊళ్ళో ఇప్పటికీ ఎంతోమంది ఒప్పుకోరు. అలాంటివాళ్ళు వచ్చి, ఎవరినీ బతిమాలుకోకుండా, తమవాళ్ళని మర్యాదగా సాగనంపుకోవాలని కట్టారు.

కొన్నేళ్ళుగా ఆంధ్రా నించి ఉద్యోగాలకి వచ్చిన కుటుంబాలు సంఘంలో చేరాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు, చంటిపిల్లలు, ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. సుగుణ అని పాత కుటుంబాల అమ్మాయే, భర్త పోయాక పుట్టింటికొచ్చి ఉంది. ఆమె ఆ హాల్లో, పగలంతా ఈ పిల్లల్ని చూసుకోవడానికి క్రెష్ మొదలుపెట్టింది. బాగా నడిచింది. అయితే ఎవరి కర్మ అయినా వచ్చిందంటే చాలు, ఆ పొద్దున సుగుణకి కబురొచ్చేది. ఆమె ఉయ్యాలలూ పరుపులూ చుట్టిపెట్టి, తల్లులకి ఫోన్లు చేసేది. తల్లులు ఆ రోజుకి సెలవు పెట్టేవాళ్ళు. ఒక నెలలో రెండు మూడుసార్లు అలా అయ్యేసరికి వాళ్ళ ఆఫీసుల్లో చీవాట్లు.

దాంతో తల్లులందరి తరఫున మాధవి అనే అమ్మాయి సంఘం సమావేశంలో లేచింది. గుంటూరు పిల్ల, రెండేళ్ళ కొడుకు. ముందు గదిని పూర్తిగా క్రెష్‌కి ఇచ్చేయాలి, జూన్‌లోగా తేల్చకపోతే పిల్లల్ని వేరే చోట చేర్పించుకుంటాం అని చెప్పింది. పిల్లలు వెళ్ళిపోతే సుగుణకి వేరే బతుకుతెరువు లేదు. ఇదీ అసలు సంగతి. జూన్ దాటితే సుగుణ చేతులు ఖాళీ. ఈ రాతలో మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకండి, ఎందుకంటే మేమందరం నెలల తరబడి దీన్నే మర్చిపోయాం.

సంఘం అధ్యక్షుడు గోవిందరాజులు గారు. పెద్దాయన, నెమ్మదస్తుడు, ఖద్దరు చొక్కా జేబులో ఎప్పుడూ హాలు తాళంచెవి. మాధవి చెప్పిందంతా విని, ఒకే ఒక మాట అన్నాడు.

"దానికి అవసరం లేదమ్మా."

మాధవి ఆ మాటతో లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనక మిగతా తల్లులూ వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నించి వాట్సాప్ గ్రూపులో యుద్ధం. పసిపిల్లలు అవసరం లేని సంఘం మాకెందుకని వీళ్ళు. పెద్దమనిషి మర్యాదగా ఒక మాట చెబితే అంత పొగరుగా లేచిపోతారా అని వాళ్ళు. ఉగాది పచ్చడి రెండు చోట్ల పంచుకున్నారు. అప్పుడు ఎవరో మా ఆఫీసుకి ఫోన్ చేశారు. తెలుగుదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నా నెత్తిన పడింది.

ఇద్దరూ ఒప్పుకున్న మాట

ఇద్దరినీ విడివిడిగా కలిశాను. మామూలుగా ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. నేనలా అనలేదు, నువ్వే అన్నావు అని సగం కాలం దానికే పోతుంది. ఇక్కడ విచిత్రం, ఇద్దరి కథా ఒకటే. ఆయన అవసరం లేదన్నారు అని మాధవి. అవును, అవసరం లేదన్నా అని గోవిందరాజులు గారు. హమ్మయ్య, జరిగినదాని మీదైనా గొడవ లేదని సంతోషపడ్డాను.

అందరినీ కలిపి కూర్చోబెట్టాం. జోసెఫ్ సార్ కూడా కాగితాల సంచీతో వచ్చాడు. ఆయనకి తెలుగు రాదు, నేను చెవిలో ఇంగ్లీషులో చెప్పాలి. అవసరం లేదని ఎందుకన్నారో చెప్పమని గోవిందరాజులు గారిని అడిగాను. అవసరం లేదు కాబట్టే అన్నా అన్నాడు. చూశారా, మళ్ళీ మొహం మీదే అంటున్నారు అంది మాధవి. ఇందులో తప్పేముందో ఆయనకి అర్థం కాలేదు. ఈయనకి సిగ్గెందుకు లేదో ఆమెకి అర్థం కాలేదు. ఇదే మాట చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాం. నాకు ఒళ్ళు మండిపోయి లవంగం వేసుకున్నాను.

ఆ ఘాటుకో ఏమో, మా అత్తగారి ఇల్లు గుర్తొచ్చింది.

నేను పుట్టింది పురసవాక్కంలో. మా ఇళ్ళలో తెలుగే మాట్లాడతాం గానీ, అరవం అందులో పాలల్లో నీళ్ళలా కలిసిపోయి ఉంటుంది. నన్నిచ్చింది రాజమండ్రి. పెళ్ళయిన కొత్తలో ఒక పొద్దున మా అత్తగారు పొయ్యి దగ్గర నించే, కాఫీ పెట్టమంటావా అని అడిగారు. కొత్త కోడలిని, ఆవిడ చేతిలో పనుంది. ఆవిడ్ని తొందరపెట్టడం ఎందుకని, మర్యాదగా "అవసరం లేదత్తయ్యా" అన్నాను. ఆ పూట కాఫీ రాలేదు. మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. తలనొప్పితో చచ్చిపోతున్నాను. ఈ పిల్లకి కాఫీ అలవాటు లేదట, ఎంత బుద్ధిమంతురాలో అని ఆవిడ వీధంతా చెప్పుకున్నారు. చివరికి మా ఆయన తేల్చాడు. అరవంలో అవసరం అంటే తొందర. మేము తెలుగులోనూ అలాగే వాడతాం. అవసరం లేదు అంటే, తొందరేం లేదు, నిదానంగా కానీయండి అని. కృష్ణా గోదావరి గడ్డ మీద అదే మాటకి, అక్కర్లేదు పో అని అర్థం.

గోవిందరాజులు గారన్నది, తొందరేముందమ్మా, చూద్దాం అని. మాధవి విన్నది, మీ పిల్లలకి గది అక్కర్లేదు అని. ఆయన మాటని నేను మా ఇంటి చెవితో విన్నాను కాబట్టి నాకు అనుమానమే రాలేదు. మాధవి కోపాన్ని ఆమె పొగరు కింద జమకట్టాను. అత్తగారింట్లో కాఫీ లేక ఏడ్చిన దాన్ని, నాకే తట్టలేదంటే ఏమనాలి.

కాఫీ కథ చెప్పాను. గది గదంతా నవ్వులు. గోవిందరాజులు గారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మాధవి చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది, నవ్వో ఏడుపో తెలియదు. జోసెఫ్ సార్‌కి ఇంగ్లీషులో చెబితే లేచి చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ప్రతి శిక్షణ తరగతిలోనూ ఆ కథ చెప్పాడు. అపార్థం తొలగితే తగాదా తొలగుతుంది అని ముగించేవాడు. వినేవాళ్ళు రాసుకునేవాళ్ళు.

అక్కడే నాకు ఒళ్ళు మండేది. తగాదా తొలగలేదు.

అపార్థం పోయాక

వారం తర్వాత మళ్ళీ కూర్చున్నాం. స్వీట్లు కూడా తెచ్చారు. మాధవి ఎంతో మర్యాదగా, అయితే గది ఎప్పుడిస్తారండీ అని అడిగింది. నిదానంగా చూస్తాంమా అన్నాడు గోవిందరాజులు గారు. నిదానమంటే ఎప్పుడండీ. చూస్తాం. జూన్‌లోగానా? ఆయన పంచె సర్దుకున్నాడు. అప్పుడు మాధవి అంది:

"తొందర లేదనడం కూడా కాదనడమే కదండీ. మీరు నిదానించినంతసేపూ నా కొడుకు పెరక్కుండా ఆగుతాడా?"

ఎవరూ నవ్వలేదు. ఇంతకు ముందు గొడవకి ఒక సాకుండేది, మాట తప్పుగా వినబడిందని. ఇప్పుడు మాట సరిగ్గా వినబడింది, అందుకే గొడవ పెద్దదైంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మనుషుల మధ్య ఉన్నదంతా అపార్థమే అని మనకి నేర్పిస్తారు. ఎంత హాయిగా ఉంటుందో ఆ నమ్మకం. నిజానికి చాలామంది ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకునే పోట్లాడుకుంటారు. ఆమెకి పిల్లలు ముందు. ఆయనకి పోయినవాళ్ళు ముందు. రెండూ న్యాయమే, హాలు ఒకటే.

ఒకరి కష్టం ఒకరు చూడాలని జోసెఫ్ సార్ ఒక ఉపాయం వేశాడు. గోవిందరాజులు గారిని ఒక పూట క్రెష్‌లో కూర్చోబెట్టాడు. ఆయన మధ్యాహ్నానికి తలకి తుండు కట్టుకుని బయటికొచ్చి, దీన్ని మూసేస్తేనే మేలు అన్నాడు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

ఆ తర్వాత సమావేశంలో ఆయన మీద అందరూ ఎగబడ్డారు. చచ్చినవాళ్ళ కోసం బతికినవాళ్ళని ఏడిపిస్తారా అని ఒక కుర్రాడు అనేశాడు. నాకు సర్దిచెప్పాలని నాలుక దురద పెట్టింది, లవంగం వేసుకున్నాను. అదే మంచిదైంది. చివరికి గోవిందరాజులు గారే నోరు విప్పాడు.

"మా నాయన పొయినప్పుడు ఈ హాలు మాకు తెలీదు. ఈ వీధిలోనే అద్దెకుంటిమి. ఓనరు గేటుకి తాళమేసినాడు. ఆడ రోడ్డు మీద, కార్పొరేషన్ కుళాయి పక్కన కర్మ చేసినాను. పోయేవాళ్ళు దాటుకుని పోతాండారు. ఒకాయన చెప్పు తగిలి దీపం పడిపాయ." జేబులో తాళంచెవి తడుముకుంటూ అన్నాడు. "బతికేవాళ్ళకి ఇచ్చిన గది మళ్ళా ఈ పనికి తిరిగి రాదుమా. అదే నా భయం. పిల్లోళ్ళ మీద నాకేం కోపం?"

ఆ కుర్రాడు తల దించుకున్నాడు. అలాంటప్పుడు గదిలో ఎవరో ఒకరు ఏదో మంచి మాట చెప్పి చెడగొడతారు, ఎక్కువగా అది మనమే. దయచేసి చెప్పకండి.

అందరి వెనకా గోడకి ఆనుకుని కూర్చున్న సుగుణ అప్పుడు లేచింది. అన్ని సమావేశాలకీ వచ్చింది ఆ పిల్ల. ఒక్కరూ ఆమెను ఒక్క ముక్క అడగలేదు. ఇది నీ బతుకు కదా, నువ్వేమంటావు అని నేనైనా అడగలేదు, సిగ్గుచేటు.

"ఎవురు గెలిచినా నాకు ఒకటే పెదనాయనా. జూన్‌లో పిల్లోళ్ళు వస్తారా, రారా? అది చెప్పండి. రారంటే నేను వేరే ఏదన్నా చూసుకోవాల."

మంగళవారం సంగతి

ఆ రాత్రి నాకు కోపం ఆగలేదు. విలువల గురించి మాట్లాడించి మాట్లాడించి, ఒక ఆడపిల్ల బతుకుని గాలిలో వేలాడదీశాం. మర్నాడు జోసెఫ్ సార్ దగ్గరికి పోయి, రేపటి సమావేశానికి మీరు రావద్దు, కాగితాలు కూడా రావద్దు అన్నాను. పాపం, కాగితాల సంచీ బల్ల కింద పెట్టేశాడు.

ఆ సమావేశంలో ఒకే ప్రశ్న అడిగాను. వచ్చే మంగళవారం ఒకరి పదో రోజు అనుకోండి. ఎవరు, ఏ పొద్దున, ఏం చేస్తారు? నాకు పెద్ద మాటలొద్దు, మంగళవారం సంగతి చెప్పండి.

మొదట ఎవరికీ ఇష్టం లేదు. ఇంత పెద్ద తగాదాని ఇంత చిన్న ప్రశ్న చేస్తే ఎవరికైనా అవమానంగానే ఉంటుంది. మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. మనిషి పోతే బంధువులు ఆ సాయంత్రమే వచ్చి హాలు అడుగుతారట. అంటే పదో రోజు సంగతి తొమ్మిది రోజుల ముందే గోవిందరాజులు గారికి తెలుసు. మరి సుగుణకి కబురు ఆ పొద్దున ఎందుకు వెళుతోందని అడిగాను. పాతవాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

చివరికి గోవిందరాజులు గారి భార్య రుక్మిణమ్మ గారు చెప్పింది. చంటిపిల్లలున్న చోటికి ముందుగా ఫోన్ చేసి, ఫలానా రోజు కర్మ అని ఎట్లా అంటారు? పసిబిడ్డల తల్లి చెవిన ఆ మాట వేయకూడదు. అందుకని ఆఖరి నిమిషం దాకా నానుస్తారు. ఇక తప్పదన్నప్పుడు ఎవరో పోయి సుగుణ తలుపు తడతారు.

మాధవి నోరు తెరుచుకుని చూసింది. తను ఎన్ని సెలవులు పెట్టిందో, ఎన్ని చీవాట్లు తిందో, అదంతా వాళ్ళు తన కొడుక్కి కీడు తగలకూడదని చేసిన మంచితనం వల్ల. నాకు ఆ క్షణాన ఎవరి తలైనా గోడకి కొట్టాలనిపించింది. ఎవరి తలో తేల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత పని త్వరగానే అయింది. ముందు గది క్రెష్‌ది, తాళంచెవి సుగుణ దగ్గర. వెనక వరండా, తొట్టి, పక్క సందు గుమ్మం కర్మలకి. అది ఎప్పటికీ మారదని సంఘం పుస్తకంలో రాయాలి. ఇది గోవిందరాజులు గారి పట్టుదల. పదో రోజున క్రెష్ ఒక్క పూట మూస్తారు. మూడు రోజుల ముందే తల్లులకి చెబుతారు. ఆ మాట నోటితో అనక్కర్లేదు, "హాలు కడుగుతాం" అంటే చాలు. ఇది రుక్మిణమ్మ గారు కనిపెట్టిన మాట. మాధవికి పూర్తిగా నచ్చలేదు, గోవిందరాజులు గారికి అసలు నచ్చలేదు. ఇద్దరూ గొణుక్కుంటూనే సంతకాలు పెట్టారు. జూన్‌లో పిల్లలు వచ్చారు. సుగుణ వేరే పని వెతుక్కోలేదు.

ఇది విజయమా అని నన్ను అడగకండి. ఒకరినొకరు ప్రేమించుకోలేదు. ఆ తర్వాత చెప్పుల స్టాండు గురించి పోట్లాడుకున్నారు, ఫ్యాన్ల గురించి పోట్లాడుకున్నారు. నన్ను పిలవలేదు. అది మటుకు విజయమే.

పదో రోజు

నేను రిటైరైన ఏడాది గోవిందరాజులు గారు పోయారు. వాళ్ళకి సొంత ఇల్లుంది, అయినా తన కర్మ హాల్లోనే చేయమని చెప్పి పోయారట. ఒక సాయంత్రం మాధవి ఫోన్ చేసింది. హాలు కడుగుతాం అన్న కబురు రాలేదనీ, రుక్మిణమ్మ గారే తనకి ఫోన్ చేసి, ఆ రోజు క్రెష్ మూయొద్దు, పిల్లల్ని పంపమని చెప్పిందనీ అంది. నిజంగా పంపాలా మేడం, లేకపోతే మొహమాటానికి అన్నారంటారా? నాకు విసుగొచ్చింది. నన్నెందుకమ్మా అడగడం, ఆవిడ్నే అడుగు అన్నాను. అడిగానండీ, ఆయన నిదానం ఆయనతోనే పోనీ అన్నారు అంది. ఆ నిదానంతో ఆవిడ ఎన్నేళ్ళు కాపురం చేసిందో.

పదో రోజు వెళ్ళాను. వెనక వరండాలో కర్మ, ముందు గదిలో పిల్లలు. మధ్యలో తలుపు దగ్గరగా వేసి ఉంది. మామూలుగా వచ్చే పురోహితుడికి ఒంట్లో బాగాలేక, కాకినాడ నించి వచ్చి ఇక్కడ స్థిరపడిన కొత్తాయన్ని పిలిచారు. మంత్రం మధ్యలో అవతల ఒక పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. వాడికి తోడు ఇంకొకడు. సుగుణ జోలపాట వినిపిస్తోంది గానీ వాళ్ళు ఆగడం లేదు. పురోహితుడు గొంతు పెంచాడు. వాళ్ళూ పెంచారు. ఆయన గబగబా, చిరాకుగా, అక్షరాలు మింగుతూ చదివేస్తున్నాడు.

తెల్ల చీరలో కూర్చున్న రుక్మిణమ్మ గారు తలెత్తి మెల్లగా అంది.

"సామీ, మీకేం అవసరం?"

పురోహితుడు ఆగిపోయాడు. ఆయన మొహం ఎర్రబడింది. పిలిచి కూర్చోబెట్టి, నీకెందుకయ్యా అంటే ఎవరికి మండదు? చేతిలో దర్భలు కింద పెట్టేశాడు, లేవబోతున్నాడు. పాతవాళ్ళకి ఆయన ఎందుకు లేస్తున్నాడో అర్థం కాలేదు. నలుగురైదుగురు తిరిగి నావైపు చూశారు, అలవాటు కొద్దీ.

నా బుగ్గన అప్పటికే లవంగం ఉంది.

నా పక్కన కూర్చున్న మాధవి ముందుకి వంగింది.

"అయ్యగారూ, తొందరేముంది అంటున్నారండీ. నిదానంగా చదవమంటున్నారు."

పురోహితుడు రుక్మిణమ్మ గారి వైపు చూశాడు. ఆవిడ తలూపింది. ఆయన దర్భలు మళ్ళీ చేతిలోకి తీసుకుని, మొదటినించి, నిదానంగా చదివాడు.